గుఢా ట్రాక్ మీద తప్పులు జరగనివ్వండి: రైల్వే బోర్డుకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన రైల్వే బోర్డు చైర్మన్ గారికి, లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ డైరెక్టర్ జనరల్ గారికి నమస్కారాలు.

వందే భారత్ స్లీపర్ బండి గంటకు 180 కిలోమీటర్ల వేగంతో పోతుంటే బల్ల మీది గ్లాసులో నీళ్లు తొణకని వీడియో 2025 జనవరిలో దేశమంతా చూసింది. చూసి సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. మన ఇంజనీర్లు చేసిన బండి, ఆ మాత్రం సంబరం ఉండాల్సిందే. అయితే సర్వీసంతా సికింద్రాబాద్ డివిజన్‌లో సిగ్నల్ పని చేసి రిటైరైనవాణ్ని కదా, నా చూపు గ్లాసు మీద నిలవక కిటికీ బయటికి పోయింది. ఆ పరుగు జరిగింది కోటా డివిజన్‌లో, రోజూ జనం ఎక్కే రైళ్లు తిరిగే మెయిన్ లైను మీద. 2018 డిసెంబరులో ట్రైన్-18 (తర్వాత వందే భారత్ అయిన బండి) గంటకు 180 అందుకున్నదీ ఆ డివిజన్‌లోనే, కోటా–సవాయి మాధోపూర్ మధ్య. మనకు వేరే దారి లేదు కాబట్టి ఇన్నేళ్లూ అలాగే నడిచింది.

రైల్వే బయటివాళ్లకు ఈ పద్ధతి కాస్త చెప్పాలి. కొత్త పెట్టె గానీ ఇంజను గానీ తయారైతే ఆర్‌డీఎస్‌ఓ వాళ్లు దానికి ఆసిలేషన్ ట్రయల్ పెడతారు. కొలిచే పరికరాలు బిగించి, ప్రయాణికుల బరువుకు బదులు ఇసుక బస్తాలు నింపి, రేపు అనుమతించబోయే వేగం కన్నా పది శాతం ఎక్కువలో తోలి, ఎంత ఊగుతోంది, పట్టా మీద పక్కకు ఎంత తోపు పడుతోంది అని చూస్తారు. ఎమర్జెన్సీ బ్రేకు కొడితే ఎన్ని మీటర్లలో ఆగుతుందో పొడి పట్టా మీద, తడి పట్టా మీద కొలుస్తారు. ఇదంతా చేయడానికి లైను మీద బ్లాక్ తీసుకోవాలి, అంటే కాసేపు మామూలు బండ్లు ఆపించాలి. బ్లాక్ ఇచ్చే సెక్షన్ కంట్రోలర్ పరిస్థితి నాకు తెలుసు. వెనక ఎక్స్‌ప్రెస్ నిలబడి ఉంటుంది, లూప్‌లో, అంటే పక్క లైనులో, గూడ్స్ నిలబడి ఉంటుంది, ఫోను మోగుతూనే ఉంటుంది. ఇచ్చిన గంటో రెండు గంటలో కాగానే అవే పట్టాల మీద, అవే సిగ్నళ్ల కింద మామూలు బండ్లు పోవాలి. అందుకని అక్కడ ఏదీ చెడగొట్టి చూడడానికి వీల్లేదు. అంతా సవ్యంగా ఉన్నప్పుడు బండి ఎలా నడుస్తుందో మాత్రమే మెయిన్ లైను చెప్పగలదు.

నేను ఈ లేఖ రాస్తున్నది ఆ ఒక్క విషయం గురించే. అడిగేదీ ఒక్కటే. రాజస్థాన్‌లో గుఢా దగ్గర మీరు వేసిన పరీక్షా మార్గాన్ని, ఏదీ సవ్యంగా లేనప్పుడు ఏమవుతుందో చూడడానికి వాడండి. చూసింది మాకు చెప్పండి.

జోధ్‌పూర్ డివిజన్‌లో గుఢా నుంచి ఠఠానా మిఠడీ దాకా, సాంభర్ ఉప్పు సరస్సు పక్కన, వదిలేసిన పాత మీటర్ గేజ్ లైను దారిలో ఈ మార్గానికి రూపం ఇచ్చారు. 2018 డిసెంబరులో తొలి దశ, 2021 నవంబరులో రెండో దశ మంజూరయ్యాయి. రెండూ కలిపి దాదాపు 820 కోట్ల రూపాయలు. మొత్తం 60 కిలోమీటర్లకు అటూ ఇటూ. అందులో 23 కిలోమీటర్లు ప్రధాన లైను, గుఢా దగ్గర 13 కిలోమీటర్ల హైస్పీడ్ లూప్, నావా దగ్గర 3 కిలోమీటర్ల చిన్న లూప్, మిఠడీ దగ్గర వంపుల పరీక్షకు 20 కిలోమీటర్ల లూప్. గంటకు 220 కిలోమీటర్ల దాకా తోలవచ్చునని లెక్క. బండ్లతో పాటు పట్టాలు, వంతెనలు, కరెంటు తీగలు, సిగ్నల్ పరికరాలు కూడా అక్కడ పరీక్షిస్తామని మీరే ప్రకటించారు. పట్టాలను కావాలనే మెలిక తిప్పి వేసిన చోటు కూడా ఉంటుందంటే నాకు భలే నచ్చింది. మా కాలంలో పట్టా మెలిక తిరిగితే గ్యాంగ్‌మన్ దగ్గర్నుంచి డివిజనల్ ఇంజనీరు దాకా సంజాయిషీలు రాసుకునేవాళ్లు. ఇక్కడ జీతమిచ్చి తిప్పిస్తున్నారు!

ఆ మెలిక వెనకున్న బుద్ధే సిగ్నళ్లకూ కావాలి. అది ఎందుకో చెప్పాలంటే కవచ్ కథ ఎత్తుకోవాలి. అది మా గడప ముందు జరిగిన కథ.

రెండు బండ్లు ఢీకొనకుండా ఆపే పరికరం గురించి మొదట గట్టిగా పట్టుబట్టింది కొంకణ్ రైల్వే. బి.రాజారాం గారు అక్కడ ఉన్న రోజుల్లో యాంటీ కొలిజన్ డివైస్ తెచ్చారు. దాన్ని తయారు చేసింది మన హైదరాబాద్‌లోని కెర్నెక్స్. అది ఉపగ్రహం చెప్పే చోటు మీద ఆధారపడేది. పక్కపక్కన నాలుగు లైన్లుంటే బండి ఏ లైను మీద ఉందో తేల్చుకోవడం దానికి కష్టమైంది. అక్కణ్నుంచి నేర్చుకున్నదే 2012 నుంచి టీకాస్ పేరుతో మొదలై, తర్వాత కవచ్ అయింది. లింగంపల్లి–వికారాబాద్–వాడి, వికారాబాద్–బీదర్ సెక్షన్లలో, సుమారు 250 కిలోమీటర్ల మీద దీన్ని పెంచారు. 2016 ఫిబ్రవరిలో ప్యాసింజర్ బండ్ల మీద ట్రయల్స్ మొదలయ్యాయి. ఆ తొలి రోజుల్లో పరికరాలు సరఫరా చేసిన మూడు కంపెనీలూ, మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్, హైదరాబాద్‌వే. 2020 జులైలో దీన్ని దేశం మొత్తానికి ఆమోదించారు. దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్ల దాకా పరిచిన తర్వాతే మిగతా దేశానికి పోయింది.

ఇది చెప్పుకుని మేం గర్వపడతాం, పడాలి కూడా. కానీ దీని రెండో వైపు కూడా ఉంది. లింగంపల్లి నుంచి వాడి దాకా ఆ ఏళ్లన్నీ బండి ఎక్కిన ప్రతి మనిషీ, తాండూరు నాపరాయి వ్యాపారి, సేడం నుంచి ఆస్పత్రికి వచ్చిన ముసలమ్మ, వికారాబాద్ నుంచి పాస్ మీద వచ్చే ఉద్యోగి, ఒక పరీక్షా మార్గం మీద ప్రయాణించారు. వాళ్లకెవరూ చెప్పలేదు. చెడు ఏదీ జరగలేదు, ఎందుకంటే అక్కడ పని చేసినవాళ్లు జాగ్రత్తపరులు, పైగా పాత సిగ్నల్ వ్యవస్థ ఎలాగూ కాపలా ఉంది. ఆ జాగ్రత్త వల్లే చాలా ప్రశ్నలు అడగకుండా మిగిలిపోయాయి. ప్రయాణికులున్న లైను మీద బండి తన చోటు తెలుసుకోవడానికి పట్టాల మధ్య పెట్టిన ట్యాగులను ఏ ఇంజనీరు ధైర్యం చేసి తారుమారు చేస్తాడు? ఏ స్టేషన్ మాస్టరు ఒప్పుకుంటాడు?

2022 మార్చి 4న గుల్లగూడ–చిటిగిడ్డ మధ్య రైల్వే మంత్రి అశ్విని వైష్ణవ్ గారు ఒక ఇంజనులో, రైల్వే బోర్డు చైర్మన్ గారు ఎదురుగా ఇంకో ఇంజనులో కూర్చున్నారు. 380 మీటర్ల దూరం ఉండగానే కవచ్ బండిని ఆపింది. మంత్రి తన ప్రాణం పణంగా పెట్టి చూపించారు, దాన్ని తక్కువ చేయను. కానీ అది ప్రదర్శన. ఆగుతుందని అందరికీ ముందే తెలుసు. ఆగుతుందో లేదో ఎవరికీ తెలియనప్పుడు, ఆగకపోయినా ఎవరికీ ఏమీ కానిచోట చేసేదాన్ని పరీక్ష అంటాం. గుల్లగూడలో అలాంటిది చేయడం కుదరదు. గుఢాలో కుదురుతుంది.

ఏం చేసి చూడాలంటే, నా వరకు నాకు మొదట తోచేది బహానగా బజార్. 2023 జూన్ 2న కోరమండల్ ఎక్స్‌ప్రెస్ మెయిన్ లైనుకు పచ్చ సిగ్నల్ తీసుకుని లూప్‌లోకి పోయి, నిలబడి ఉన్న గూడ్స్‌ను గుద్దింది. 290 మందికి పైగా పోయారు. ఆ బండి మన కోస్తా పొడుగునా ఆగుతూ పోయేది కాబట్టి ఆ రాత్రి విశాఖపట్నం, రాజమండ్రి, విజయవాడ స్టేషన్లలో హెల్ప్‌లైన్లు పెట్టాల్సి వచ్చింది. ఉత్తరం వైపు గుమటీలో (సిగ్నల్ పరికరాల చిన్న గదిలో) ఎప్పుడో చేసిన సర్క్యూట్ మార్పు, 94వ నంబరు లెవెల్ క్రాసింగ్ గేటు పనిలో జరిగిన లోపం కారణాలని సేఫ్టీ కమిషనర్ విచారణలో తేలింది. అంటే బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పాయింట్లు లూప్‌కు తిరిగి ఉండగా, మెయిన్ లైనుకే ఉన్నాయని సిగ్నళ్లను నడిపే రిలే గదికి సమాచారం అందింది. కవచ్ ఉండి ఉంటే ఆగేదా అని అప్పుడు టీవీల్లో ఒకటే చర్చ. కవచ్ స్టేషన్ యూనిట్ కూడా సమాచారం తీసుకునేది పాయింట్లనూ సిగ్నళ్లనూ ముడిపెట్టే అదే ఇంటర్‌లాకింగ్ నుంచి. ఆ గది అబద్ధం చెబితే కవచ్ కూడా దాన్నే నమ్ముతుంది. ట్యాగు చదివి తప్పు లైనులోకి వచ్చామని ఇంజను గ్రహించేసరికి బండి లూప్‌లోనే ఉంటుంది.

అందుకే నా మొదటి విన్నపం. గుఢా మార్గంలో మీకు స్టేషన్లున్నాయి. అందులో ఒకదాన్ని నిజమైన యార్డులా తయారు చేయండి. రెండు లూపులు, ఒక గేటు, ఒక గుమటీ, పాతకాలపు రిలేలు, కొత్త ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్, అన్నీ పెట్టండి. పెట్టి, తప్పు వైరింగు చేయండి. జంపర్ వైరును వేయాల్సిన టెర్మినల్‌కు బదులు దాని పక్కదానికి వేసి చూడండి. పని కోసం పరికరం విడదీస్తున్నామని డిస్‌కనెక్షన్ మెమో ఇచ్చి, పని సగంలో ఉండగానే తిరిగి కలిపామని రీకనెక్షన్ ఇచ్చినట్టు నటించి చూడండి. పట్టాల పక్కన సిగ్నల్ వైర్లుండే లొకేషన్ బాక్సులో నీళ్లు నింపండి. ఎలుక కొరికినట్టు కేబుల్ కొరకండి, అది మా డిపార్ట్‌మెంటులో ఎవరూ నవ్వని జోకు. ఏ తప్పును ఏ పరికరం పట్టుకుంది, ఏది వదిలేసింది, సిగ్నళ్ల కదలికలన్నీ రాసిపెట్టే డేటా లాగర్‌లో ఏది కనబడింది, ఏది కనబడలేదు అన్నది కాగితం మీద పెట్టండి. తనిఖీ పద్ధతుల్లో ఎక్కడ కన్నం ఉందో ఆ కాగితమే చెబుతుంది. సిగ్నల్ పనివాళ్లకు ఇంతకు మించిన శిక్షణ ఉండదు. సికింద్రాబాద్‌లో సిగ్నల్ శిక్షణ సంస్థ ఇరిసెట్ ఉంది, అక్కడ పాఠాలు బాగానే చెబుతారు. కానీ తప్పు వైరింగు మీద నిజం బండి పరుగెత్తడం అక్కడి పిల్లలెవరూ చూడలేదు.

రెండోది కంటకాపల్లి. 2023 అక్టోబరు 29 సాయంత్రం, విజయనగరం జిల్లాలో కంటకాపల్లి–అలమండ మధ్య విశాఖ–పలాస ప్యాసింజర్‌ను వెనక నుంచి విశాఖ–రాయగడ ప్యాసింజర్ ఢీకొంది. 14 మంది చనిపోయారు. ముందు బండిని బట్టి వాటంతటవే మారే ఆటోమేటిక్ సిగ్నళ్లు రెండు పాడైతే, వాటిని దాటేటప్పుడు పాటించాల్సిన నిబంధన పాటించలేదని రైల్వే ప్రాథమికంగా చెప్పింది. వెనక బండి లోకో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ పోయారు కాబట్టి వాళ్ల మాట మనకు ఎప్పటికీ అందదు. ఆ మార్గంలో అప్పటికి కవచ్ లేదు. పెట్టండి, త్వరగా పెట్టండి, అది వేరే మాట. నేననేది ఏంటంటే, కవచ్ ఉన్న చోట కూడా సిగ్నళ్లు పాడవుతాయి. ఎర్ర ఆటోమేటిక్ సిగ్నల్ దగ్గర రాత్రిపూట రెండు నిమిషాలు ఆగి, ఆ తర్వాత పదీ పదిహేను కిలోమీటర్ల వేగంతో పాకుతూ పోవాలి. అటువంటి సెక్షన్‌లో సిగ్నల్, రేడియో రెండూ పోతే కవచ్ ఏం చేస్తుంది, లోకో పైలట్‌కు ఏం చూపిస్తుంది, ఎంతసేపట్లో చూపిస్తుంది? వర్షం పడుతున్న రాత్రి, వరసగా మూడు రాత్రులు డ్యూటీ చేసిన మనిషిని కూర్చోబెట్టి చూడాల్సిన పరీక్ష ఇది. మధ్యాహ్నం పన్నెండింటికి, పక్కన నలుగురు ఆఫీసర్లు నిలబడితే తేలదు.

కవచ్ పనిచేసే తీరు తెలిసినవాళ్లకు ఇంకా చాలా తోస్తాయి. స్లీపర్ల మీద బిగించిన ట్యాగును ఇంజను కింది యాంటెన్నా చదువుతుంది. ఒక ట్యాగు నుంచి ఇంకో ట్యాగు దాకా చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకుంటూ తన చోటు తాను తెలుసుకుంటుంది. పట్టాల కింద కంకర కూరే ప్యాకింగ్ మిషన్ వచ్చినప్పుడు ట్యాగులు ఊడదీసి మళ్లీ బిగిస్తారు. కాంట్రాక్టు కుర్రాడు చీకట్లో రెండు ట్యాగులు ఒకదాని చోట ఇంకొకటి బిగిస్తే? కంకర కప్పేస్తే? తడి పట్టా మీద చక్రం జారి, లెక్క తప్పితే? మేధా ఇంజను యూనిట్ హెచ్‌బీఎల్ స్టేషన్ పరిధిలోంచి కెర్నెక్స్ స్టేషన్ పరిధిలోకి నిండు వేగంతో పోతున్నప్పుడు సరిగ్గా ఆ గీత దగ్గరే రేడియో తెగిపోతే? ఇప్పుడు మరిన్ని కంపెనీలు వస్తున్నాయి కాబట్టి ఈ ప్రశ్న ఇంకా పెరుగుతుంది. 2024 జులై 16న ఆమోదించిన కవచ్ 4.0లో చోటును మరింత కచ్చితంగా లెక్కించడం, పెద్ద యార్డుల్లో సిగ్నల్ సమాచారం మెరుగుపరచడం, స్టేషన్ నుంచి స్టేషన్‌కు ఫైబర్ మీద మాట్లాడుకోవడం చేర్చారు. అవన్నీ అనుభవంతో వచ్చినవే. ఆ అనుభవంలో పెద్ద వాటా మా లైన్ల మీద సంపాదించిందే. తర్వాతి సంస్కరణకు కావాల్సిన అనుభవాన్ని ప్రయాణికులు లేని చోట సంపాదించండని వేడుకుంటున్నాను.

బ్రేకుల సంగతి కూడా ఒక మాట. 24 పెట్టెల ఎక్స్‌ప్రెస్ ఆగే తీరు వేరు, బొగ్గు నింపిన 58 వ్యాగన్ల గూడ్స్ ఆగే తీరు వేరు. యంత్రం భయస్తురాలై ముందే బ్రేకు వేస్తే బండి ఆలస్యమవుతుంది, ఆలస్యానికి లోకో పైలట్‌ను అడుగుతారు. నాలుగుసార్లు అనవసరంగా ఆపిందంటే ఐదోసారి దాని అరుపును ఎవరూ పట్టించుకోరు, నాన్నా పులి కథలో పిల్లాడి గతే దానిది. అందుకని అనవసరంగా ఆపిన ప్రతి సందర్భమూ పరీక్షలో తప్పు కిందే లెక్కకు రావాలి. ప్రమాదం తప్పిందా లేదా అని మాత్రమే చూస్తే చాలదు.

ఇదంతా ఎక్కడా లేని కోరిక కాదు. రష్యాలో మాస్కో దగ్గర షెర్బింకాలో 6 కిలోమీటర్ల పరీక్షా వలయం 1932 నుంచి ఉంది. చెక్ దేశంలో వెలిమ్ దగ్గర 13 కిలోమీటర్లకు పైగా ఉన్న పెద్ద వలయం 1963 నుంచి నడుస్తోంది, యూరప్‌లో తయారయ్యే చాలా ఇంజన్లు అక్కడ తిరిగి వచ్చినవే. నన్ను ఎక్కువ ఆకట్టుకునేది అమెరికాలోని ప్యూబ్లో. కొలరాడో ఎడారిలో 52 చదరపు మైళ్ల నేల, 1971లో మొదలైంది. అక్కడ 1976 నుంచి ఫాస్ట్ అని ఒక కార్యక్రమం నడిపారు. నిండు బరువుతో ఉన్న గూడ్స్ బండిని ఒకే చిన్న లూప్ మీద తిప్పుతూనే ఉంటారు. ఎక్కడికీ పోదు, ఏదీ దింపదు. పట్టా అరగాలి, వెల్డు పగలాలి, పాయింటు ముక్కు చెక్కుకుపోవాలి, అదే దాని పని. మామూలు లైను మీద ఏళ్లు పట్టే అరుగుదల నెలల్లో వస్తుంది. ఏది ఎన్ని టన్నుల దగ్గర విరిగిందో రాసుకుని రైలు కంపెనీలన్నీ కలిసి చదువుకున్నాయి. పోటీ కంపెనీలు ఒకదాని వైఫల్యాన్ని ఇంకొకటి కూర్చుని చదవడం! మనకున్నదే ఒక్క రైల్వే, మనకు దాచుకోవాల్సిన పోటీదారు కూడా లేడు.

ఆ బొగ్గు బండి ప్రస్తావన ఊరికే తేలేదు. కొత్త ట్రాక్ అనగానే అందరూ గంటకు 220 అంటున్నారు. మా కాజీపేట–బల్లార్షా లైను మీద రాత్రింబవళ్లు పోయేవి సింగరేణి బొగ్గు, సిమెంటు, ఇనుము. 2024 నవంబరు 12న రాఘవాపురం–రామగుండం మధ్య ఇనుప కాయిల్స్‌తో పోతున్న గూడ్స్‌లో 11 వ్యాగన్లు పట్టా తప్పితే ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య దారి మూసుకుపోయింది, ఎన్నో బండ్లు రద్దయ్యాయి. కారణం చెప్పడానికి నేనెవణ్నీ కాదు. కానీ దేశాన్ని మోసేది గూడ్సే. ఫ్యాక్టరీ నుంచి రంగు ఆరకుండా వచ్చిన బండికి ఇచ్చే ట్రాక్ సమయంలో కనీసం సగం, చక్రం అరిగిన, స్ప్రింగు అలసిన, ఒక పక్కకు బరువు ఒరిగిన పాత వ్యాగన్లకు ఇవ్వండి. 60 కిలోమీటర్ల వేగంలో మెలిక పట్టా మీద అలాంటి వ్యాగన్ ఖాళీగా పోతే ఏమవుతుందో చూడండి. టీవీ వాళ్లు రారు. రాకపోతే పోనీ.

సాంభర్ చదును నేల అన్నిటికీ సరిపోదని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఉప్పు గాలి ఉంది, ఎండ ఉంది, ఆ రెండూ మన కోస్తాకూ రాయలసీమకూ పనికొచ్చేవే. తుప్పు పరీక్షకు అంతకన్నా మంచి చోటు దొరకదు. కానీ కొత్తవలస–కిరండూల్ లైను మీద 58 సొరంగాలు, ఆ ఘాట్ ఎక్కుడు దిగుడు, ఇనుప ఖనిజం బండ్ల బ్రేకు వాసన అక్కడ రావు. సొరంగంలో రేడియో ఎలా పోతుందో ఉప్పు మైదానం చెప్పదు. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం–ఇంటికన్నె మధ్య వరద పట్టాల కింద కంకర మొత్తం ఊడ్చుకుపోయింది. అలాంటి నీళ్లలో ట్యాగులు, లొకేషన్ బాక్సులు ఏమవుతాయో ఎక్కడో ఒకచోట మనమే వాన కురిపించి చూడాలి. ఇది వింత ఆలోచన కాదు. మన సంగారెడ్డి జిల్లా కందిలో, ఐఐటీ హైదరాబాద్‌లో, డ్రైవరు లేని వాహనాల కోసం 130 కోట్లతో తిహాన్ పరీక్షా క్షేత్రం 2022 జులై 4న ప్రారంభించారు. అక్కడ కృత్రిమంగా వాన కురిపించే ఏర్పాటు కూడా ఉంది. రోడ్డు బండికి కురిపించిన వాన రైలు బండికి కురిపించలేమా?

రోడ్డు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో 11.3 కిలోమీటర్ల హైస్పీడ్ ట్రాక్ 2021 జూన్‌లో మొదలైంది. 2023 అక్టోబరు 1 నుంచి భారత్ ఎన్‌క్యాప్ అమల్లో ఉంది. కారును గోడకేసి కొట్టి, లోపలి బొమ్మల తలలకు, ఛాతీలకు ఎంత దెబ్బ తగిలిందో కొలిచి, స్టార్లు ఇచ్చి, జనం ముందు పెడుతున్నారు. తక్కువ స్టార్లు వచ్చిన కంపెనీ తలదించుకుని బండిని సరిచేసుకుని మళ్లీ వస్తుంది. పది లక్షలు పెట్టి కారు కొనేవాడికి ఉన్న ఈ హక్కు, జనరల్ పెట్టెలో నిలబడి పోయేవాడికి ఎందుకు లేదు? అతనికైతే ఇంకో కంపెనీ బండి ఎక్కే వీలు కూడా లేదు. ప్రమాదం జరిగాక సేఫ్టీ కమిషనర్ విచారణ ఉంటుంది, పత్రికల్లో నాలుగు ముక్కలైనా వస్తాయి. ట్రయల్‌లో తప్పిన దాని గురించి మాకు ఎన్నడూ ఒక్క ముక్క తెలియదు. ‘ట్రయల్ విజయవంతం’ అన్న వార్త తప్ప ఇంకో రకం వార్త నేను చదివిన గుర్తు లేదు. ఎప్పుడూ తప్పని పరీక్ష ఉందంటే ప్రశ్నపత్రం తేలిగ్గా ఉందని అర్థం.

తప్పు బయటపెడితే ప్రాజెక్టు చచ్చిపోతుందన్న భయం మీకు ఉంటుంది, దానికి కారణమూ ఉంది. గోవాలో మడ్గావ్ దగ్గర కొంకణ్ రైల్వే, స్తంభాల మీది పట్టాకు వేలాడుతూ పోయే స్కైబస్ కోసం 1.6 కిలోమీటర్ల పరీక్షా మార్గం కట్టింది. 2004 సెప్టెంబరు 25న ట్రయల్‌లో పెట్టె స్తంభానికి కొట్టుకుని ఒక ఉద్యోగి చనిపోయారు. ఆ తర్వాత ఆ ఆలోచన మళ్లీ లేవలేదు. ఏళ్ల తరబడి స్తంభాలు ఊరి మధ్య నిలబడి, 2013లో తుక్కు కింద విప్పేశారు. స్కైబస్ మంచిదా చెడ్డదా అన్నది నాకు పట్టలేదు. పరీక్షా మార్గం మీద మనిషి ఉండగా తప్పు జరిగింది, అది ఘోరం. కానీ ఆ తప్పు నుంచి దేశం నేర్చుకోవాల్సింది ఎక్కడో ఫైల్లో ఉండిపోయింది. గుఢాలో తొలిసారి ఏదైనా పట్టా తప్పినప్పుడు, తప్పాలి కూడా, ‘820 కోట్ల ట్రాక్ మీద పల్టీ కొట్టిన బండి’ అని శీర్షికలు వస్తాయి. ఆ రోజు మీరు తలుపులు మూసుకోకుండా ఉండాలంటే ముందే జనానికి చెప్పి పెట్టాలి. ఇక్కడ బండ్లు పడతాయి, పడడానికే ఇది కట్టాం, లోపల మనుషులు ఉండరు అని.

మరి కొన్ని చిన్న కోరికలు ఉన్నాయి, త్వరగా ముగిస్తాను. ట్రాక్ సమయానికి అద్దె పెడితే చిన్న కంపెనీలు తట్టుకునేలా పెట్టండి. చర్లపల్లిలోనో కుషాయిగూడలోనో ఇరవై మందితో, బండి చక్రాలను లెక్కపెట్టే యాక్సిల్ కౌంటర్ల మీద పనిచేసే కుర్రాడికి, వేల కోట్ల కంపెనీకి ఒకే రేటు ఉంటే కుర్రాడు గుఢా మొహం చూడడు. కొండకల్‌లో మేధా కోచ్ ఫ్యాక్టరీ 2023లో మొదలైంది, కాజీపేట రైల్వే తయారీ యూనిట్‌కు అదే ఏడాది జులై 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. రేపు అక్కణ్నుంచి వచ్చే పెట్టెలు, వ్యాగన్లు గుఢా ట్రాక్ తొక్కకుండా సర్వీసులోకి రాకూడదని ఇప్పుడే నియమం పెట్టండి. పరీక్ష రూపొందించే కమిటీలో లోకో పైలట్లు, ట్రాక్‌మన్లు, సిగ్నల్ మెయింటెయినర్లు ఉండాలి. చూడ్డానికి పిలవడం చాలదు, ఏ తప్పు చేసి చూడాలో ఎంచే హక్కు వాళ్లకివ్వాలి. ఎక్కడ ఏది పాడవుతుందో వాళ్ల చేతులకు తెలుసు. ఒక పెద్ద యార్డులో నాతో పనిచేసిన మెయింటెయినర్ ఒకాయన, పాయింట్ మోటారు శబ్దం విని వారంలో ఆగిపోతుందని చెప్పేవాడు, చెప్పినట్టే ఆగేది. అలాంటివాళ్లు రిటైరై ఇళ్లల్లో కూర్చున్నారు. పిలిస్తే సెకండ్ స్లీపర్‌లోనైనా వస్తారు, పాసులు ఎలాగూ ఉన్నాయి.

ఇక బయట పెట్టే సంగతి. ఆరు నెలలకోసారి ఒక నివేదిక చాలు. ఏ పరికరం, ఏ పరీక్ష, ఎన్నిసార్లు తప్పింది, ఎందుకు తప్పింది, సరిచేశాక మళ్లీ ఎప్పుడు పరీక్షించారు. కంపెనీల డిజైన్ రహస్యాలు మాకొద్దు. హిందీ, ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనూ వేస్తే మా డిపోల్లో, గుమటీల్లో కుర్రాళ్లు చదువుకుంటారు. తొలి నివేదికలో బహానగా తరహా తప్పు వైరింగు పరీక్ష, కంటకాపల్లి తరహా పాడైన ఆటోమేటిక్ సిగ్నల్ పరీక్ష తప్పకుండా ఉండాలని కోరుతున్నాను. ఈ రెండిటికి తేదీలు ఖరారు చేసి ప్రకటిస్తే, జవాబుగా నాకు విడిగా ఉత్తరం రాయనక్కర్లేదు.

ఇట్లు,
సికింద్రాబాద్ డివిజన్‌లో సిగ్నల్, టెలికాం విభాగంలో పనిచేసి రిటైరైన ఒక ఉద్యోగి